తాడు మీద రవిక

శనివారం, పోటు

చెయ్యి: సాయంత్రానికి బరువెక్కింది. ఎముకలు: మెట్ల దగ్గర మోకాళ్లు పలికాయి. ఊపిరి: సరి. మనసు: సమాధానం.

ఈ నాలుగూ వారానికోసారి రాసుకోమని గట్టు మీది వెనుచూపు కేంద్రంలో హైమవతి సిస్టర్ చెప్పింది. వెళ్లినప్పుడు చదివి వినిపించాలి. "పెద్ద పెద్ద మాటలు వద్దు తబితమ్మగారూ. ఆ వారం ఒళ్లు మీతో ఏమందో రాయండి, చాలు" అంది. నాకు రొమ్ము జబ్బు నయమై పదహారేళ్లు. అయినా వెనుచూపు, అంటే జబ్బు పోయాక కూడా కనిపెట్టి చూడటం, ఆగదు. బతికున్నన్నాళ్లూ ఉంటుందట.

ఉదయం ప్రార్థన అయ్యాక నీళ్లమర జల్లెడలు కడిగాను. పోటు మీద నాచు ముక్కలు ఎక్కువ వచ్చి పడతాయి. అవి అడ్డుపడితే సముద్రపు నీళ్లు మంచినీళ్లు కావు. మా వరుసలో ఇళ్లు కట్టుకున్న తేలే పంటులన్నీ ఈ మర నీళ్లే తాగుతాయి. బకెట్లు నేను ఎత్తను. అప్పట్లో ఎడమ రొమ్ముతో పాటు ఆ చంకలో బిళ్లలు కూడా తీసేశారు గనుక ఆ చేతి మీద బరువు పడకూడదు, సూది గుచ్చకూడదు, చీమ కుట్టినా చూసుకోవాలి. నా చెల్లెలు నయోమి వచ్చి ఎత్తింది. వాళ్ల పంటు మా పంటుకే గొలుసు వేసి ఉంటుంది. ఒక్క అడుగు వేస్తే వాళ్లిల్లు.

"ఈ మరని పెళ్లాడేసినట్టున్నావు పెద్దక్కా. మొగుణ్నైనా ఇంతలా కడగరెవరూ" అంది.

తర్వాత చూపురవిక తొడుక్కున్నాను. ప్రతి శనివారం అన్నం ఉడికేంతసేపు వేసుకోవాలి. లోపలి పట్టీలు తడిగుడ్డలా చల్లగా అంటుకుంటాయి. అది కుడి రొమ్మును చూస్తుంది, గుండె వింటుంది, ఎముకల గట్టితనం తడుముతుంది. చేతికి చుట్టే పట్టీ వాపు కొలుస్తుంది. చూసిందంతా గట్టుకు చెప్పుకుంటుంది. నాకేమీ చెప్పదు. ఎడమవైపు చూడ్డానికేం లేదు, అక్కడ దూది సంచి కుట్టారు.

ఉతికి వెనకవైపు తాడు మీద ఆరేశాను. ముందువైపు జనం పడవల మీద పోతుంటారు.

సోమవారం, గాలి

గాలికి వెనక తాడు తెగింది. బట్టలన్నీ ముందువైపు ఆరేయాల్సి వచ్చింది. రవిక కూడా.

దీనమ్మ పడవ ఆపింది. ఆవిడ మా సంఘపెద్ద భార్య. నాచు కోత పండుగలో ప్రతి ఏడూ మొదటి సాక్ష్యం నాది, రెండోది ఆవిడది. దేవుడు నన్ను ముట్టాడు, సంపూర్ణంగా స్వస్థపరిచాడు అని నేను చెబుతాను. మందిరం పంటు ఊగేలా చప్పట్లు కొడతారు.

"ఎవరిదే తబితా, ఆ తీగెల రవిక?"

నేను చీర మడత పెడుతూ ఉన్నాను.

"జబ్బు మనుషులకి గట్టోళ్లు ఇచ్చేదది. సంపూర్ణంగా అన్నావు కదే నువ్వు? పై వాడి మీద నమ్మకం చాలక, కింద వీళ్ల చేత కూడా చూపించుకుంటన్నావా?"

వెనుచూపు గురించి మందిరంలో ఎవరికీ చెప్పలేదు నేను. ఏడాదికోసారి గట్టుకు వెళ్తానని మాత్రం తెలుసు.

"నయోమిది" అన్నాను.

నయోమి లోపల చేపలు తోముతోంది. అంతా విన్నది. పొలుసు చేతులతోనే బయటికి వచ్చి, "అవునత్తా, నాదే. నడుం నొప్పికి ఊరికే ఇత్తన్నారంటే తెచ్చుకున్నా" అంది.

పడవ కనుమరుగయ్యాక నా భుజం మీద చెయ్యి వేసి నవ్వింది. "బాబోయ్, మా పెద్దక్క అబద్ధమాడింది! ఇంక సముద్రం ఎనక్కెళ్లిపోద్దేమో చూడు."

నేను నవ్వలేదు. ప్రార్థనకు కూర్చున్నాను. నేనాడిన అబద్ధం దగ్గరికి వచ్చేసరికి పక్కనుంచి వెళ్లిపోయాను.

శనివారం, వాన

వానలు తగ్గేదాకా శనివారం స్త్రీల కూడిక మా పంటు మీదే. మా పైకప్పు కారదు.

పొయ్యి మీద అన్నం ఉంది. రవిక వేసుకునే వేళ. దీనమ్మ గుమ్మానికి ఎదురుగా చాప వేసుకుని కూర్చుంది. వేసుకోకపోతే కేంద్రం వాళ్లు తెల్లజెండా లాంచీలో ఇంటికే వస్తారు. మునుపు మూడో వరుసలో ఒకావిడ ఇంటికి అలా వస్తే, ఊరంతా పంటుల అంచుల మీద నిలబడి చూసింది.

నయోమి నా ముఖం చూసింది. తాడు మీది రవిక తీసి లోపలికి వెళ్లింది. ఎడమ సంచిలోని దూది లాగి నా ఒళ్లో పడేసింది.

"ఇదుంటే నాకు పట్టదు" అని చెవిలో అంది. "నీ మర్యాద నా ఒంటి మీద ఆరబెడతాలే."

వేసుకుని వచ్చి దీనమ్మ పక్కనే కూర్చుంది. "నడుం కాసింత సుఖంగా ఉందత్తా" అంది. అందరితో కలిసి పాట పాడింది.

మనసు: ఏమీ రాయలేదు.

శుక్రవారం, ఆటు

నాలుగు మాటలు రాయక చాలా రోజులైంది. శనివారాలు అలాగే గడుస్తున్నాయి. కూడిక మొదలవకముందే నయోమి చెయ్యి చాపుతుంది, నేను రవిక ఇస్తాను. ఇప్పుడది మా ఇద్దరికీ అలవాటు. చీపురు అందించినట్టు.

ఇవాళ గట్టుతో మాట్లాడే గోడపెట్టెలో హైమవతి సిస్టర్ గొంతు పలికింది.

"శుభవార్తండీ! మీ ఎముకలు గట్టిపడుతున్నాయి. గుండె కుర్రదాని గుండెలా కొట్టుకుంటోంది. చెయ్యి వాపు దాదాపు లేదు. ఏం తింటున్నారండీ?"

"నాచు" అన్నాను.

ఆవిడ పగలబడి నవ్వింది. ఎముకల మాత్ర సగానికి తగ్గించమని డాక్టరుగారు చెప్పారంది. ఎప్పటిలాగే ఇంకో మాట అడిగింది. "మీ చెల్లెల్ని ఒకసారి తీసుకురండమ్మా. మీ అమ్మగారికి వచ్చింది, మీకు వచ్చింది. ఆవిడని కూడా చూడాలి కదా."

నయోమికి చెప్పాను. "నాకేటక్కా, గుండ్రాయిలా ఉన్నాను. ఇప్పుడే ఇన్నావుగా, నా గుండె కుర్రదంట" అంది.

మాత్ర సగానికి విరిచాను. ఎందుకు విరిచానో దేవుడికి కూడా చెప్పుకోలేదు. చెయ్యి వాచింది. గాజు పైకి ఎక్కడం లేదు.

బుధవారం, పోటు

జల్లెడలు కడుగుతుండగా పిలుపు వచ్చింది. హైమవతి సిస్టర్ ఈసారి నవ్వలేదు.

"కుడివైపు నీడలాంటిది కనిపిస్తోందండి. కంగారు పడకండి. రేపు రండి, పెద్ద యంత్రంలో చూద్దాం."

జల్లెడ నీళ్లలో పడిపోయింది. నయోమి దిగి తీసింది.

నాదే అనుకున్నాను. పదహారేళ్లుగా ఎదురుచూసిన మాట అదే గనుక, అది నా పేరుతోనే వచ్చింది గనుక. ఏ శనివారం కనిపించిందని అడగలేదు. భయం వేసినప్పుడు నాకు నేను తప్ప ఇంకెవరూ కనిపించలేదు. దీన్ని దాచకుండా రాస్తున్నాను.

నయోమి నా తల దువ్వింది. అమ్మ పోయిన ఏడు నేను దానికి దువ్వినట్టే. ఏడుస్తూ దువ్వింది.

గురువారం, ఆటు

నయోమి భర్త ఏసోబు లాంచీ సరంగు. "ఆయ్, ఎక్కండి వదినగారు. మెల్లగా తీసుకెళ్తాను, కుదుపుండదు" అన్నాడు. దారి పొడుగునా మునిగిన కొబ్బరి మొదళ్లు తప్పించుకుంటూ నడిపాడు.

కుడి చేతికి సూది వేశారు. పెద్ద యంత్రంలో పడుకోబెట్టారు. నా ప్రార్థన నేను చేసుకున్నాను. బయటికి వచ్చేసరికి హైమవతి సిస్టర్ తెర ముందు నుదురు రుద్దుకుంటోంది.

"లేదండి. ఏమీ లేదు. మూడు వారాలు వరసగా నీడ చూపించింది మీ రవిక. పోయిన శనివారం చూపించలేదు. ఇవాళా లేదు. ఎక్కడికి పోతుంది?"

"దేవుని కృప" అన్నాను.

"కృపే కావచ్చండి. కానీ నాకు కారణం కావాలి. మీ చెయ్యి కూడా రవిక చెప్పినదానికంటే లావుగా ఉంది. రవికే పాడైందో ఏమో. ఇంకో రెండు వారాలు దాన్నే వేసుకోండి. చూద్దాం."

పోయిన శనివారం జడివాన. కూడిక జరగలేదు. ఇంట్లో ఎవరూ లేరు. ఆ ఒక్క శనివారం రవిక వేసుకున్నది నేను.

ఈ సంగతి నాకు లాంచీ ఎక్కాక తెలిసింది. దిగాక తెలిసిందని రాస్తే ఈ రాత కూడా అబద్ధమవుతుంది. తెలిసేసరికి ఇంకా గట్టు కనిపిస్తోంది. లాంచీ తిప్పమంటే ఏసోబు తిప్పేవాడు.

"ఏమన్నారండి వదినగారు?"

"ఏమీ లేదన్నారు."

చుక్కాని వదిలేసి రెండు చేతులూ పైకెత్తాడు. రేవులో తాడు కట్టకముందే అరిచాడు. "మా వదినగారికి నీడ కనపడి మాయమైపోయిందండోయ్! మళ్లీ ముట్టాడు దేవుడు!"

నయోమి పరిగెత్తుకుంటూ వచ్చి నన్ను పట్టేసుకుంది. దాని కుడి రొమ్ము నా ఎడమవైపు దూదికి ఒత్తుకుంది. నేను చేతులు ఎత్తలేకపోయాను.

ఆదివారం, పోటు

మందిరం నిండింది. దూరపు వరుసల నుంచి కూడా వచ్చారు. పాస్టరు అయ్యగారు నన్ను ముందుకు పిలిచి, ఈ ఏడు కోత పండుగలో రెండో స్వస్థత గురించి తబితమ్మ సాక్ష్యం చెబుతుందన్నారు. ఆయన మంచి మనిషి. కళ్లు తడిసి ఉన్నాయి.

నయోమి రెండు పాటలు పాడింది. నేను పక్కన నిలబడి తలూపాను.

చెప్పాలని మూడుసార్లు దాని వైపు తిరిగాను. ఒకసారి అది పాడుతోంది. ఒకసారి ఎవరో దాని చెయ్యి పట్టుకుని ఏడుస్తున్నారు. మూడోసారి ఏ అడ్డూ లేదు.

శనివారం, గాలి

చెయ్యి: బరువు. ఎముకలు: నొప్పి. ఊపిరి: మెట్లెక్కితే చాలడం లేదు. మనసు: సిగ్గు.

ఇవాళ నయోమిని రవిక వేసుకోనివ్వకూడదని అనుకున్నాను. నేను జల్లెడల దగ్గరున్నాను. వచ్చేసరికి వేసుకుని కూర్చుంది, అలవాటు కొద్దీ. కూడికకు వచ్చినవాళ్ల ముందు తీయమనలేకపోయాను.

అందరూ వెళ్లాక దీనమ్మ ఉండిపోయింది. తలుపు దగ్గరికి వేసింది. నా వాచిన చెయ్యి రెండు చేతులతో పట్టుకుంది.

"ఇది ముట్టిన చెయ్యే తబితా. దేవుడు రెండుసార్లు ముట్టిన మనిషివి. ఒకసారి నా మీద పెట్టవే."

"ఏమైంది దీనమ్మా?"

ఆవిడ పైట కింద నా చెయ్యి పెట్టింది. ఎడమవైపు, చంక దగ్గర. పచ్చి రేగికాయలా గట్టిగా తగిలింది.

"ఎన్నాళ్లనుంచి?"

"పోయినేటి కోత పండుగ కాణ్నించి. మా ఆయనకి చెప్పలేదు."

"గట్టుకి వెళ్దాం. నేను తోడు వస్తాను."

"గట్టెందుకే? నువ్వెళ్లావు, లేదన్నారు. నాకూ లేకుండా చెయ్యి. గట్టు లాంచీ ఎక్కితే ఊరంతా ఏమనుకుంటది? సంఘపెద్ద పెళ్లాం ప్రార్థన పనికిరాలేదంటారు."

నా రవికను చూసి మూతి తిప్పింది అందుకేనని అప్పుడు అర్థమైంది. తనకు వేసిన భయాన్నే నా మీదకు విసిరింది. ఇద్దరం ఒకే సిగ్గు కింద దాక్కున్నాం.

ఆవిడ కళ్లు మూసుకుని ఎదురుచూసింది. నాకు ఒక్క మాట రాలేదు. యాభై ఏళ్లలో ప్రార్థనకు మాట రాకపోవడం ఇదే మొదలు. నేను మౌనంగా చేస్తున్నాననుకుని, ఆమెన్ అని వెళ్లిపోయింది.

సోమవారం, ఆటు

"తబితమ్మగారూ, మళ్లీ కనిపిస్తోందండి. అదే చోట. కాస్త పెద్దదైంది" అంది హైమవతి సిస్టర్. "నాకర్థం కావడం లేదు. మీకేమైనా అర్థమవుతోందా?"

"అవుతోంది" అన్నాను. "రేపు ఇద్దరం వస్తాం."

"సరేనండి. పొద్దున్నే రండి" అంది.

నయోమి నాచు పెంచే తాళ్ల మీద పనిలో ఉంది. ఆటుకు తాళ్లు పైకి తేలుతాయి. ఎండ ముదరకముందే దులపాలి. నేను చెక్క మీద నడిచి వెళ్లాను.

"నయోమీ, కూర్చో."

"నుంచునే ఇంటాను చెప్పు. తాళ్లు ఎండిపోతన్నాయి."

"ఆ నీడ నాది కాదు."

"లేదన్నారుగా మరి. అందుకేగా పాటలు పాడింది."

"నేను వేసుకున్నప్పుడు లేదు. నువ్వు వేసుకున్నప్పుడు ఉంది."

దానికి వెంటనే ఎక్కలేదు. నా ముఖం చూస్తూ ఉంది. కుడి చెయ్యి నాచులోనే ఉంది. ఎడమ చెయ్యి దానంతటదే కుడి రొమ్ము మీదకు వెళ్లింది.

"నీకెప్పుడు తెలిసింది?"

"గట్టు నుంచి వచ్చేటప్పుడు. లాంచీలో."

"ఆ రోజేనా? మరి ఆదివారం?"

నేను తల దించుకున్నాను.

"ఆదివారం నా చేత పాడించావు" అంది. గొంతు పెరగలేదు. "నా అక్కకేం కాలేదని ఏడ్చుకుంటా పాడాను. నువ్వు పక్కన నుంచుని తాళమేసినట్టు తలూపావు. మళ్లీ శనివారం రవికేసుకుంటే చూత్తా ఊరుకున్నావు. నీ సాక్ష్యం బతకాలి. నేనేమైనా పర్లేదు. అంతేనా?"

"అంతే కాదు" అన్నాను. కానీ అంతే.

"అమ్మ పోయినప్పుడు ఏమన్నావు నాతో? నేనున్నాను, నిన్ను చూసుకుంటానన్నావు. ఇదా అక్కా చూసుకోవడం?"

చేతిలో ఉన్న తడి నాచు ముద్ద నా మీదకు విసిరింది. ఎడమవైపు తగిలింది. దూది గనుక నొప్పి పుట్టలేదు. పుట్టి ఉంటే బాగుండేది.

"మా ఆయనకి నువ్వే చెప్పు. నా నోటితో నేను చెప్పను."

ఏసోబుకు రేవులో చెప్పాను. ఇంజను తుడుస్తున్న గుడ్డ మడిచి, మళ్లీ విప్పి, మళ్లీ మడిచాడు.

మంగళవారం, పోటు

"ఎక్కండి" అన్నాడు. ఆయ్ అనలేదు. వదినగారు అనలేదు.

నయోమి ముందు కూర్చుంది. నేను వెనక కూర్చున్నాను.

అది యంత్రంలో ఉండగా హైమవతి సిస్టర్ నన్ను తన గదిలోకి పిలిచింది. ఈ రాత మొదటి నుంచి చదివి వినిపించాను. అన్నం ఉడికే దగ్గర, దూది దగ్గర, లాంచీ దగ్గర ఆగాను. ఆవిడ తొందరపెట్టలేదు.

"మందలించండి" అన్నాను.

"మందలిస్తే మీకు తేలికవుతుంది. నాకేం ఉపయోగం?" అంది. "రవిక మనిషిని పోల్చుకోదండి. తొడుక్కున్నవాళ్లని నమ్ముతుంది. నేను దాన్ని నమ్మాను. మీ ఎముకలు గట్టిపడ్డాయని మురిసిపోయి మాత్ర తగ్గించాం. ఇప్పుడు ముందు మిమ్మల్ని చూడాలి. చెయ్యి ఇటివ్వండి."

చూశారు. ఎముకలు పలచబడ్డాయి. గుండె కొంచెం అలిసింది, అప్పట్లో ఎక్కించిన మందు గుండెను ఇన్నేళ్ల తర్వాత కూడా అలసట పెడుతుందట. చేతి నీరు వేళ్ల దాకా దిగింది. ఇవన్నీ చిన్నగా ఉన్నప్పుడే పట్టుకోవడానికే ఆ రవిక ఇచ్చారు. చేతికి కట్లు చుట్టుకోవడం మళ్లీ మొదటి నుంచి నేర్పించింది. మాత్ర నిండుగా వేసుకోమంది.

నయోమి బయటికి వచ్చింది. డాక్టరుగారు, "ఉందమ్మా. చిన్నదే. తీసేద్దాం, తర్వాత మందులు ఏం కావాలో చూద్దాం" అన్నారు.

"నేను ఆ రోజే చెప్పి ఉంటే?" అని అడిగాను.

డాక్టరుగారు హైమవతి సిస్టర్ వైపు చూశారు. ఆవిడ అంది: "తేడా పడిందో లేదో ఎవరూ చెప్పలేరండి. పడలేదని మీకోసం చెప్పను."

తిరుగు దారిలో దీనమ్మ సంగతి గుర్తొచ్చి, ఆవిడ నమ్మకాన్ని కూడా ఇంకా నా చేతుల్లోనే పెట్టుకున్నానని తెలిసింది. రేవు నుంచి నేరుగా ఆవిడ ఇంటికి వెళ్లి గుమ్మంలో చెప్పాను. నీడ ఎవరిదో, ఎందుకు మాయమైందో. "నా చేతిలో ఏమీ లేదు దీనమ్మా. వాపుంది అంతే. గట్టుకి రా."

తలుపు వేసేసింది.

శుక్రవారం, ఆటు

నయోమి ఆసుపత్రిలో ఉంది. గడ్డ మేరకు తీసి కుట్టారు. చంకలో రెండు బిళ్లలు తీశారు, మిగిలినవి వదిలేశారు. నేను మంచం పక్కన కూర్చున్నాను. నాలుగు రోజులుగా నాతో మాట్లాడలేదు. గోడ వైపు తిరిగి ఉంది.

గంజి చల్లారబెడుతుంటే అంది. "అక్కా."

"ఊఁ."

"నీ దూదిలో మిగిలింది ఏమైనా ఉందా? నాకు ఒక పక్క పల్లమైంది."

"కొత్తది కుట్టిస్తాను."

"కొత్తదే కుట్టించు. నీది వద్దు, నాచు వాసనొస్తది."

గంజి తాగింది. గిన్నె ఇస్తూ, "నాకింకా కోపంగానే ఉంది" అంది.

"ఉండనీ."

"చాన్నాళ్లు ఉంటది."

"నేనూ ఉంటాను" అన్నాను.

ఆదివారం, కోత పండుగ

నయోమి ఆసుపత్రి నుంచి వచ్చి వారమైంది. మందిరం పంటుకు నాచు తోరణాలు కట్టారు. అయ్యగారికి ముందే అంతా చెప్పాను. ఆయన, "సాక్ష్యం అంటే జరిగింది చెప్పడమే కదమ్మా" అన్నారు. దాచుకోవడానికి ఆ దారి కూడా పోయింది.

రవికను జాకెట్టు మీద వేసుకుని లేచాను. చప్పట్లు మొదలై, రవిక చూసి ఆగాయి.

చెప్పాను. పదహారేళ్లుగా గట్టు వాళ్లు నన్ను చూసుకుంటున్నారని, మీకు చెప్పడానికి సిగ్గుపడ్డానని. నా రవిక చెల్లెలి ఒంటికి వేశానని. అది చూసిన నీడ నా చెల్లెలిదని. తెలిసీ ఊరుకున్నానని. రెండో స్వస్థత జరగలేదని. అంతకంటే మాటలు లేవు నా దగ్గర.

సంఘపెద్ద లేచి నిలబడ్డాడు. "అంటే దేవుడు నిన్ను బాగుచెయ్యలేదా? ఇన్నేళ్లూ మా చేత చప్పట్లు కొట్టించావా?"

"బాగుచేశాడు" అన్నాను. "చూసుకోవడానికి మనుషుల్ని కూడా ఇచ్చాడు. నేను వాళ్లని వెనకతాడు మీద ఆరేశాను."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. కూర్చునేందుకు చోటు వెతుక్కుంటే వరుసలో ఎవరూ జరగలేదు. నయోమి జరిగింది. కుట్లు లాగి, అబ్బా అంది. కొద్దిగానే జరిగింది. సగం ఒళ్లు చాప మీద, సగం చెక్క మీద పెట్టుకుని కూర్చున్నాను.

రెండో సాక్ష్యానికి దీనమ్మను పిలిచారు. లేవలేదు.

శనివారం, పోటు

చెయ్యి: కట్లతో కొంచెం తగ్గింది. ఎముకలు: నొప్పి. ఊపిరి: మెట్ల దగ్గర ఆగాలి. మనసు: సిగ్గు. హైమవతి సిస్టర్ ఇదీ రాయమంది.

శనివారం కూడిక ఇప్పుడు మా పంటు మీద జరగడం లేదు. వాన కారినా వేరే చోట కూర్చుంటున్నారు. మందులకు ముందు కొన్నాళ్లు ఇంట్లో ఉండమని నయోమిని పంపారు. దానికీ ఒక రవిక ఇచ్చారు. పొయ్యి మీద అన్నం పెట్టి, ఎవరిది వాళ్లం తొడుక్కుని కూర్చున్నాం. అది నాతో పది మాటలైనా మాట్లాడలేదు. అన్నం ఉడికేదాకా లేచి మాత్రం పోలేదు.

వెనక తాడు బాగుచేసి చాలా రోజులైంది. రెండు రవికలూ ఉతికి ముందు తాడు మీద ఆరేశాను.

దీనమ్మ పడవ వచ్చింది. తెడ్డు ఆపింది. ఒక్కతే ఉంది.

"ఎవరివే తబితా అవి?"

"ఎడమవైపుది నాది. కుడివైపుది నయోమిది."

తెడ్డు నీళ్లలోంచి తీసి ఒళ్లో పెట్టుకుంది. అటూ ఇటూ చూసింది. పడవ పోటుకు దానంతటదే మా పంటుకు ఆనుకుంది. ఏసోబు పక్కనే కట్టిన గట్టు లాంచీ మీద తాడు చుడుతున్నవాడల్లా చుట్టడం ఆపాడు.

"ఏసుకుంటే నొప్పెడతదా?"

"లేదు" అన్నాను. "చల్లగా ఉంటుంది. అంతే."

నేను చెయ్యి చాపాను, వాచిన చెయ్యే. పట్టుకోలేదు. తనంతట తానే లేచి, పడవ దాటి, లాంచీలోకి అడుగు పెట్టింది.

"ఆయ్, ఎక్కండి వదినగారు, మీరూనూ" అన్నాడు ఏసోబు.